పలుపుల్లేని సంత

నా ఉద్యోగానికి కుర్చీ లేదు, తాడు ఉండేది. రెండు రాతి కూసాల మధ్య నడుమెత్తున కట్టిన తాడు. పశువులు వస్తే దాన్ని దించాలి, చీటీ చింపి ఇవ్వాలి, మళ్ళీ కట్టాలి. పశువుల సంతలో గేటు మనిషి పని ఇంతే. ఇందులో నేర్చుకోవడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. మొదటి వారం నాకూ అలాగే అనిపించింది.

రెండో వారం తలుపుల అనే ఊరి నుంచి ఒక గొర్రెల మంద వచ్చింది. గొర్రెలు వరుసలో నడవవు. ముందుది గేటు దగ్గర ఎగిరి దూకితే, అక్కడ దూకవలసింది ఏమీ లేకపోయినా వెనకవన్నీ దూకుతాయి. దూకేదాన్ని లెక్కపెట్టడం కష్టం. ఆ రోజు నా లెక్కకూ మంద యజమాని లెక్కకూ తేడా వచ్చింది. ఆ తరువాత కూడా చాలామందితో వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ తేడా ప్రతిసారీ వాళ్ళ వైపే మొగ్గేది.

నేను చదివింది ఏడో తరగతి. మా నాయన దూది ఏకే పని చేసేవాడు. ఆయనతో ఊళ్ళు తిరగడంలోనే బడి మానేశాను. లెక్క మాత్రం నన్ను వదల్లేదు. గొర్రెల కోసం నాకు నేనే ఒక పద్ధతి కట్టుకున్నాను. ఐదు గొర్రెలకు ఒక వేలు ముడవాలి. చేతివేళ్ళు అన్నీ ముడుచుకుంటే ఎడమ జేబులోంచి ఒక గులకరాయి తీసి కుడి జేబులో వేయాలి. మంద లోపలికి పోయాక కుడి జేబు తడిమితే లెక్క తేలుతుంది. దీనివల్ల నాకు సంతలో ‘రాళ్ళ జేబు’ అని పేరు వచ్చింది. మా ఇంట్లో నా చొక్కాల జేబులు కుట్టీ కుట్టీ మా ఆవిడ నాకు వేరే పేర్లు పెట్టింది. అవి ఇక్కడ రాయను.

మా ఊరు హిందూపురానికీ పెనుకొండకూ మధ్య ఉంటుంది. వారానికి ఒకరోజు సంత. తెల్లవారేసరికి నిండి, మధ్యాహ్నానికి ఖాళీ అయిపోతుంది. గుడిబండ, అమరాపురం వైపు నుంచి ఎద్దులు వస్తాయి. వాటితోపాటు సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడే దళారులు వస్తారు. ధర్మవరం వైపు నుంచి గొర్రెలు కొనేవాళ్ళు టెంపోలు వేసుకొని వస్తారు. బక్రీదు ముందు వారాల్లో అయితే పొట్టేళ్ళ కొమ్ముల మధ్య మనుషులు కాలు పెట్టడానికి సందు ఉండదు.

ఈ మొత్తం వ్యవహారంలో గేటు లోపలికి రానిది ఒక అవ్వ మాత్రమే. ఆమె గేటుకు ఎడమ పక్కన, బయట, గోనెపట్ట పరచుకొని కూర్చునేది. ముందు ఒక తుమ్మకొమ్మ నాటి, దానికి పశువుల మెడకు కట్టే కిత్తనార పలుపులు, ముక్కుకు వేసే నూలు ముకుతాళ్ళు వేలాడదీసేది. అమ్మినవాడు తన పలుపు విప్పుకొని ఇంటికి పోతాడు. కొన్నవాడు అవ్వ దగ్గర కొత్త పలుపు కొని ఎద్దును తోలుకుపోతాడు. అవ్వ గేటు బయట ఉండేది కాబట్టి ఆమెకు నేను ఎన్నడూ చీటీ చింపలేదు. నా కూసాల మధ్య కట్టిన తాడు కూడా ఆమె పేనిందే. లోపలికి వచ్చే దూడ దగ్గర నుంచి అన్నీ నా లెక్కలో ఉండేవి. అవ్వ ఉండేది కాదు.

సంత మూసేయాలని మా పంచాయతీ తీర్మానించడం కొన్నేళ్ళ కిందటి మాట. ఇలాంటి కథల్లో పంచాయతీ వాళ్ళను దుర్మార్గులుగా చూపడం ఆనవాయితీ. నేను చూపలేను, ఎందుకంటే వాళ్ళు చెప్పింది నిజం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు సంత ఊరి చివర ఉండేది. సంత కదల్లేదు గానీ ఊరు వచ్చి దాన్ని చుట్టుకుంది. పక్కనే బడి వచ్చింది, ఎదురుగా కల్యాణమండపం వచ్చింది. సంతరోజు రోడ్డు మీద బస్సుకూ ఎద్దుకూ మధ్య ఎవరు ముందు పోవాలన్న పంచాయితీ తెగేది కాదు. ఒకసారి కాన్పుకు పోతున్న అంబులెన్సు గొర్రెల మధ్య ఇరుక్కుపోయింది. తల్లీబిడ్డా క్షేమమే. ఆ బిడ్డ పెద్దయ్యాక గొర్రెలను ఇష్టపడతాడో లేదో చెప్పలేను. సర్పంచమ్మ మాత్రం ఆ రోజే నిర్ణయం తీసేసుకుంది.

ఆమె మమ్మల్ని పంచాయతీ ఆఫీసుకు పిలిపించింది. దళారులు, టెంపోల వాళ్ళు, నేను వెళ్ళాం. ఆమె మాటను నానబెట్టే మనిషి కాదు.

“సంత మూసేస్తాండాం. ఇది మీకు చెప్పేకి పిలిచినా, అడిగేకి కాదు. ఆడ బస్సులు నిలిచే తావు, అంగళ్ళు కడతాం.”

తరువాత మా పెద్ద దళారి లేచాడు. గుడిబండ వైపు మనిషి. నాకు మామ వరస కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. భుజం మీద తువ్వాలు ఆయన శరీరంలో భాగం. దాని కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకొని, మాట పైకి రాకుండా ఎద్దుల బేరాలు తెంచేవాడు. బయట నిలబడినవాడికి రెండు మొహాలు, ఒక తువ్వాలు తప్ప ఏమీ కనిపించదు.

“అమ్మా,” అన్నాడు ఆయన, “ముసలెద్దును అమ్మేటప్పుడు గూడా ఒకతూరి నడిపించి చూస్తాం. ఊరికే పనికిరాదు అని తోలేయం. మా సంతను గూడా యాడన్నా ఒకతూరి నడిపించి చూపిస్తాం. నడవకపోతే మీ ఇష్టం.”

సర్పంచమ్మ నవ్వు ఆపుకుంది. చివరికి తేలింది ఇది. ఊరికి దూరంగా, గుట్ట కింద పంచాయతీ పోరంబోకు ఉంది. అక్కడ ఒక్క సంత జరిపి చూడాలి. తోలుకొచ్చిన పశువులు అమ్ముడుపోయి, పద్ధతిగా జరిగితే సంతనూ, చీటీ వసూళ్ళ వేలాన్నీ అక్కడికి మారుస్తారు. జరగకపోతే మా ఊళ్ళో పశువుల సంత అన్నదే ఉండదు. ఒక వారం రైతు చెయ్యి ఖాళీగా తిరిగిపోతే పైవారం కర్ణాటక సంతకు పోతాడు. పోయినవాడు మళ్ళీ రాడు. ఇది మాకందరికీ తెలుసు. మామకు దళారితనం, టెంపోల వాళ్ళకు బాడుగలు, నాకు నా తాడు, అన్నీ ఆ ఒక్క సంత మీద నిలబడ్డాయి.

పంచాయతీ కార్యదర్శి కుర్రవాడు, ఉత్సాహవంతుడు. సంత పోవాలని అతనికీ లేదు. అతనూ మామా నేనూ కలిసి ఆ పోరంబోకులో ముళ్ళచెట్లు కొట్టించాం. అతను నీళ్ళ ట్యాంకరు మాట్లాడాడు, తొట్లు పెట్టించాడు, టెంపోల్లోంచి పశువులు దిగడానికి మట్టితో దిబ్బ పోయించాడు. నా వంతు లెక్కలు. టెంపో మలుపు తిరగడానికి ఎంత జాగా కావాలి, ఎద్దుకూ ఎద్దుకూ మధ్య ఎంత ఎడం ఉంటే కొమ్ము తగలదు, గుట్ట నీడ పొద్దున ఎంతవరకు పడుతుంది, ఎండ ఎక్కేకొద్దీ ఎటు జరుగుతుంది. నీడ జరిగే వరుసలో సున్నం గీతలు గీశాను. సూర్యుడు నా గీతలు తప్పలేదని గర్వంగా చెప్పగలను. మనుషులు ఒక్కరూ ఆ గీతల్లో కూర్చోలేదు.

మైకులో చెప్పవలసిన మాటలు కూడా ముగ్గురం కూర్చుని తయారుచేశాం. గొర్రెల వాళ్ళు, మేకల వాళ్ళు, ఎద్దుల వాళ్ళు, టీ అంగళ్ళ వాళ్ళు, టెంపోల వాళ్ళు అందరూ గుట్ట కిందికి రావాలని ఆటోలో మైకు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పాం.

పాత సంతలో చివరి రోజు పని ముగిశాక కూసాల నుంచి నా తాడు విప్పి చుట్టుకున్నాను. పైవారం తెల్లవారుజామున దాన్ని గుట్ట కింద కొత్త ఇనుప గుంజలకు కట్టాను.

జనం వచ్చారు. ముందు ఒక టెంపో, తరువాత రెండు, ఆ తరువాత నాకు తల ఎత్తే తీరిక లేకపోయింది. గొర్రెలు ఇక్కడ కూడా లేని అడ్డు దూకాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. కుడి జేబు బరువెక్కి ఒక పక్కకు వంగి నడుస్తున్నాను. ఎద్దులు కూడా బాగానే దిగాయి. టీ అంగడి పొయ్యి రాజుకుంది. తువ్వాళ్ళ కింద వేళ్ళు కలిశాయి. గొర్రెలు కొన్నవాళ్ళు టెంపోలు నింపుకొని వెళ్ళిపోతున్నారు. కార్యదర్శి నా దగ్గరకు వచ్చి, సర్పంచమ్మ పది గంటలకు వస్తుందని, ఈసారి ఆమెకు టీ తాగించి పంపడమే మన పని అని సంబరంగా చెప్పాడు.

తొమ్మిది దాటాక నాకు ఒక సంగతి తట్టింది. గొర్రెలు బయటికి పోతున్నాయి గానీ, ఒక్క ఎద్దు కూడా నా గేటు దాటలేదు.

బేరాలు తెగలేదేమోనని ఎద్దుల వైపు పోయి చూశాను. తెగాయి. అదే తమాషా. ఎటు చూసినా బేరం కుదిరిన జతలే. కొన్నవాడు ఎద్దు పక్కనే నిలబడ్డాడు. అమ్మినవాడు పలుపు చేత పట్టుకొని ఇంకో పక్క నిలబడ్డాడు. మధ్యలో ఎద్దు తనకేమీ పట్టనట్టు నెమరు వేస్తోంది. అందరూ మర్యాదగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, పెళ్ళిలో పురోహితుడు రాకపోతే రెండు వైపుల వాళ్ళు చూసుకున్నట్టు.

“ఏం మామా, ఇట్ల నిలబడినారు?” అన్నాను.

“పలుపులు యాడున్నాయప్పా?” అన్నాడు మామ.

అప్పుడు గేటు వైపు తిరిగి చూశాను. ఎడమ పక్క తుమ్మకొమ్మ లేదు, గోనెపట్ట లేదు.

మీలో పశువులు లేని ఇళ్ళవాళ్ళకు ఇది చెప్పాలి. మా వైపు పశువును అమ్ముతారు గానీ పలుపు ఇవ్వరు. పలుపు కూడా పోతే దానివెంట కొట్టంలోని కళ పోతుందని, మళ్ళీ ఆ గుంజకు పశువు నిలవదని నమ్మకం. అందుకే కొనేవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి. ఏళ్ళ తరబడి అవ్వ దగ్గర కొనడమే అలవాటు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకోవాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. నీళ్ళు, నీడ, దిబ్బ, మలుపు అన్నీ చూసుకున్న ముగ్గురు మొనగాళ్ళకు పలుపు గుర్తుకు రాలేదు.

కార్యదర్శి పరుగున వచ్చాడు. సంగతి విని, పోనీ ఈ ఒక్కరోజుకు ఉన్న పలుపే ఇచ్చేయండి అన్నాడు, మంచి మనసుతోనే. అక్కడ ఉన్నవాళ్ళంతా అతని వైపు ఎలా చూశారంటే, అతను వెంటనే తనే నవ్వేసి, సరే సరే, నేను అనలేదనుకోండి అన్నాడు. అమరాపురం మనిషి ఒకాయన తన బండి వేసుకొని ఊళ్ళోకి పోయి, అంగట్లో నీలం రంగు నైలాను తాడు తెచ్చాడు. మామ దాన్ని వేళ్ళతో నలిపి చూశాడు.

“దీన్తో నువ్వు చొక్కాలు ఆరేసుకో. ఎద్దు మెడకు గట్టినావంటే ఊరు చేరేలోపల మెడ కోసుకపోతాది,” అన్నాడు.

నేను మోపెడ్ తీశాను.

అవ్వ పాత సంత గేటు దగ్గరే ఉంది. ఖాళీ మైదానం, తాడు లేని కూసాలు, ఎడమ పక్క గోనెపట్ట, తుమ్మకొమ్మ నిండా పలుపులు. నన్ను చూసి కూడా చూడనట్టు నార పేనుతూనే ఉంది.

“ఏమవ్వా, ఈడ కూచున్నావు?”

“నేను కూచునేది ఈడనే కదప్పా.”

“సంత గుట్ట కిందికి పోయింది కదా.”

“తెలుసు. మైకులో అరుస్తాంటే విన్యా. గొర్రెలోళ్ళు రావాల అన్నారు, టీ అంగడోళ్ళు రావాల అన్నారు. పలుపులామె రావాల అని యాడన్నా అన్నారా? పిలవని పేరంటానికి నేను పోను.”

ఎద్దులన్నీ ఆగిపోయాయని, ఇంకో గంట పోతే జనం విసిగి ఎద్దులను ఇంటికి తోలుకుపోతారని, సంత ఇక ఉండదని చెప్పాను. అవ్వ చేతులు ఒక్క క్షణం ఆగాయి. సంత లేకపోతే ఆమెకూ ఏమీ మిగలదు. అది నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా మళ్ళీ పేనడం మొదలుపెట్టింది.

“ఇప్పుడు నేను వచ్చినా కదవ్వా, పిలిచేకి.”

“నువ్వు తాడు దించేటోనివి. మంచోనివే. సంతను మూసింది యవరు? మూసినోళ్ళు పిలవాల.”

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆమె మాటలో ఎక్కడ తప్పు పట్టాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళు ఆమె గేటు బయట ఉందని మేము లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు ఆమె మమ్మల్ని బయట నిలబెట్టింది.

కార్యదర్శికి ఫోను చేశాను. సర్పంచమ్మ అప్పుడే గుట్ట కిందికి బయలుదేరి దారిలో ఉంది. అతను ఆమెకు ఏమని చెప్పాడో తెలియదు. నేను మాత్రం మనసులో ఆమె రాదని సగం, వచ్చి అవ్వను గదమాయిస్తుందని సగం లెక్క వేసుకున్నాను. నా లెక్కలో మూడోది లేదు.

కారు వచ్చి ఆగింది. సర్పంచమ్మ దిగింది. దారిలో ఏదో అంగట్లో ఆగినట్టుంది, చేతిలో పొట్లం ఉంది. నేరుగా వచ్చి గోనెపట్ట అంచున కూర్చుంది. పొట్లం విప్పి ఆకూవక్కా అవ్వ చేతిలో పెట్టింది.

“పెద్దమ్మా, గొర్రెలోళ్ళను మైకులో పిలిచినాం. నిన్ను ఆకూవక్కా పెట్టి పిలుస్తాండా. రా.”

అవ్వ ఆకు తిప్పి చూసింది. ఈనె గిల్లింది. వక్క నోట్లో వేసుకుంది. మేమిద్దరం ఆమె నములుతుంటే చూస్తూ కూర్చున్నాం.

“ఆడ నేను గేటు బయటనే కూచుంటా,” అంది చివరికి. “ఎడమ పక్క. లోపలికి రమ్మంటే రాను. లోపల కూచుంటే ఈ రాళ్ళ జేబోడు చీటీ దుడ్లు అడుగుతాడు.”

“అడగడు,” అంది సర్పంచమ్మ.

“ఈరోజు అడగడు. వీడు లెక్కల మనిషి, రేపు గుర్తుకొస్తాది.”

ఆ రోజు సర్పంచమ్మ కారు ముందు సీట్లో అవ్వ కూర్చుంది. వెనక సీటు నిండా పలుపులు. వాటి మధ్య సర్పంచమ్మ నెత్తి మాత్రం కనిపించింది. తుమ్మకొమ్మ నా మోపెడ్ మీద వచ్చింది. దారి పొడుగునా ముళ్ళు నన్ను తొందరపెట్టాయి.

గుట్ట కింద కారు ఆగగానే ఎద్దుల వైపు ఉన్న జనమంతా ఒక్కసారి ఇటు తిరిగారు. ఒక సర్పంచి రాక కోసం అంతమంది అంత నిజాయితీగా ఎదురుచూడటం నేను మళ్ళీ చూడలేదు. కాకపోతే వాళ్ళు చూస్తున్నది వెనక సీటు వైపు. కొమ్మ నాటేదాకా కూడా ఆగలేదు, కారులోంచే పలుపులు అందుకున్నారు. అంత గిరాకీలో కూడా అవ్వ ధర పైసా పెంచలేదు. మామ అది చూసి, ఇయ్యాళ పెంచి ఉంటే ఎవరూ కాదనే వాళ్ళు కాదు కదా అని నెమ్మదిగా అన్నాడు. “ఈ వారం కాదనరు, పైవారం నైలాను తెచ్చుకుంటారు,” అంది అవ్వ.

అమ్మినవాళ్ళు తమ పలుపులు విప్పుకొని భుజాన వేసుకున్నారు. కొన్నవాళ్ళు కొత్తవి కట్టారు. నేను తాడు దించి పట్టుకొని నిలబడ్డాను. ఎద్దు వెనక ఎద్దు బయటికి నడిచింది. కొత్త కిత్తనార వాసన గేటు నిండా కమ్ముకుంది. సర్పంచమ్మ నా పక్కన నిలబడి టీ తాగుతూ, లెక్క ఎంతయిందని అడిగింది. కుడి జేబు తడిమాను. కుట్టు తెగి రాళ్ళన్నీ ఎక్కడో జారిపోయాయి. నా ఉద్యోగంలో లెక్క చెప్పలేకపోయిన సంత అదొక్కటే. సంతోషంగా ఆ మాటే చెప్పాను. ఆమె, కనపడుతోంది కదా, లెక్కెందుకు అంది. పై నెల వేలం గుట్ట కిందికే మారింది.

మొన్న మోకాళ్ళు మొరాయించి నేనే ఉద్యోగం మానుకున్నాను. నా చోటికి డిగ్రీ చదివిన ఒక అమ్మాయి వచ్చింది. చీటీలన్నీ ఫోనులోనే. చాలా చురుకు. అన్నీ అప్పగించాక గుంజల నుంచి తాడు విప్పి చుట్టుకుంటుంటే, ఆ అమ్మాయి కంగారుగా, “అన్నా, తాడు ఈడే ఉండనీండి, నాకు కావాల కదా,” అంది.

అంతలో గేటు ఎడమ పక్క నుంచి అవ్వ గొంతు వచ్చింది. ఇప్పుడు చూపు తగ్గింది గానీ చెవి తగ్గలేదు.

“ఇయ్యొద్దప్పా. అమ్మేసి పోయేటోడు యాడన్నా పలుపు ఇచ్చిపోతాడా? నువ్వు ఈడికి రామ్మా. కొత్తది పేనిపెట్టినా.”

అమ్మాయి పోయి గోనెపట్ట మీద కూర్చుంది. ధర ఎంత అని పైకే అడిగింది. అవ్వ తల అడ్డంగా ఊపి, తన కొంగు అమ్మాయి చేతి మీద కప్పి, కింద వేళ్ళు పట్టుకుంది. అమ్మాయి మొహంలో ముందు భయం, తరువాత ఆశ్చర్యం, ఆ తరువాత నవ్వు కనిపించాయి. వేళ్ళు ఎంతకు కుదిరాయో నాకు తెలియదు. అడగాలని కూడా అనిపించలేదు.

అమ్మాయి కొత్త తాడు కట్టింది. అంతలోనే ఒక మంద వచ్చింది. ఆమె ఫోను పట్టుకొని, తాడు దించి, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముందు గొర్రె ఎగిరి దూకింది. వెనకవి కూడా దూకాయి. అమ్మాయి చేతిని గాలిలో ఆపేసి, నా వైపు దీనంగా చూసింది.

నా తాడు నా భుజం మీదే ఉంది. ఎడమ జేబులో రాళ్ళు కూడా ఉన్నాయి. రాళ్ళు ఇవ్వకూడదని మా వైపు ఏ నమ్మకమూ లేదు. గేటు దగ్గరికి వెళ్ళి, గుప్పెడు తీసి ఆమె చేతిలో పోశాను.